మోటారు లేని కదలిక: రబ్బరు కండరాలతో విమానం నిజంగా ఎంత తేలికవుతుంది?

గోదావరికి పెద్ద వరద వచ్చిందంటే ములుగు జిల్లా వాజేడు మండలం టేకులగూడెం దగ్గర 163వ జాతీయ రహదారి మీదికి నీళ్లు వస్తాయి. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మధ్య రాకపోకలు ఆగిపోతాయి. ఆ దారిలో సరిహద్దు దాటగానే వచ్చే ఊరు తర్లగూడ. పాలన పరంగా బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ జిల్లాది, మాటల్లో మాత్రం తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరిన వరదలో గోదావరి గట్టు ఊళ్లు చాలా వరకు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. అలాంటి రోజుల్లో పాముకాటు మందో, రక్తం సంచో అవతలికి చేరాలంటే ఆకాశమే దారి.

డ్రోన్లతో మందులు పంపడం మనకు కొత్త కాదు. 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ పేరుతో తెలంగాణ ప్రభుత్వం ఆ ప్రయోగం మొదలుపెట్టింది. అయితే డ్రోన్ అనగానే ఎదురయ్యేది బరువు లెక్క. బ్యాటరీ, మోటార్లు, చట్రం, వైర్లు అన్నీ పోగా మిగిలిందే సరకు వాటా. యంత్రంలో ఒక గ్రాము తగ్గితే సరకులో ఒక గ్రాము పెరుగుతుంది, లేదా ఆ మేరకు దూరం పెరుగుతుంది.

ఈ లెక్కలోకి పాతికేళ్లుగా ఒక పేరు మళ్లీ మళ్లీ వస్తోంది. డైఎలెక్ట్రిక్ ఎలాస్టోమర్ యాక్చుయేటర్, పొట్టిగా డీఈఏ. వాడుకలో కృత్రిమ కండరం అంటున్నారు. మోటారు, గేర్లు, ఆయిల్ గొట్టాలు లేకుండా పల్చని రబ్బరు పొర ఒక్కటే రెక్కను కదిలిస్తుందని, వాహనాలూ విమానాలూ దీనితో బాగా తేలికవుతాయని చెబుతారు. ఇందులో నిజం ఉంది. కానీ ఆ నిజం వార్తల్లో వచ్చేంత పెద్దది కాదు, వాటిలో చెప్పేచోట కూడా లేదు.

పీటల మధ్య చపాతీ ముద్ద

యాక్చుయేటర్ అంటే ఆజ్ఞ అందగానే కదిలించే భాగం. కారు కిటికీ అద్దాన్ని పైకి లాగే మోటారు, విమానం రెక్క వెనక ఏలెరాన్ పలకను తిప్పే హైడ్రాలిక్ సిలిండర్, బొమ్మ విమానంలోని చిన్న సర్వో అన్నీ యాక్చుయేటర్లే.

డీఈఏలో ఉండేది విద్యుత్తును పోనివ్వని సాగే పొర, దానికి రెండు వైపులా విద్యుత్తును పోనిచ్చే సాగే పూత. సిలికోన్ పొర మీద కార్బన్ పొడి పూస్తే చాలు, ప్రాథమిక నమూనా తయారైనట్టే. విద్యుత్ భాషలో ఇదొక కెపాసిటర్. రెండు పూతలకూ వోల్టేజ్ ఇస్తే ఒకదానిపై ధన, మరోదానిపై రుణ ఆవేశం చేరుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుని మధ్యలోని రబ్బరును నొక్కుతాయి. రబ్బరు ఘనపరిమాణం మారదు కాబట్టి, రెండు పీటల మధ్య నొక్కిన చపాతీ ముద్దలా మందం తగ్గి పక్కలకు విస్తరిస్తుంది. ఒకే పూత మీద ఉన్న సజాతి ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం కూడా ఈ విస్తరణకు తోడవుతుంది. అందుకే గట్టి పలకలున్న మామూలు కెపాసిటర్‌కు వేసే లెక్కతో పోలిస్తే ఇక్కడ పీడనం రెట్టింపు వస్తుంది.

ఆ పీడనం ఎంతో చూద్దాం. 10 మైక్రాన్ల మందమున్న సిలికోన్ పొరకు 1,000 వోల్టులు ఇచ్చామనుకుందాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సిలికోన్ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం సుమారు 3. లెక్క కడితే పీడనం దాదాపు 0.27 మెగాపాస్కల్ వస్తుంది. కారు టైరులో కొట్టించే 32 పీఎస్‌ఐ గాలి కన్నా ఇది కాస్త ఎక్కువే. మెత్తని సిలికోన్‌ను దాని కొలతలో ఐదో వంతుకు పైగా కదిలించడానికి అది సరిపోతుంది. వోల్టేజ్ రెట్టింపు చేస్తే పీడనం నాలుగింతలవుతుంది. దీని ఆకర్షణా, దీని ప్రమాదమూ ఆ వర్గ నియమంలోనే ఉన్నాయి.

ఇంకో మేలు కూడా ఉంది. కెపాసిటర్ కాబట్టి ఒకసారి ఛార్జ్ చేసి వదిలేస్తే పొర అదే స్థితిలో నిలుస్తుంది. కొద్దిపాటి లీకేజీ తప్ప కరెంటు ఖర్చు ఉండదు. గాలి ఒత్తిడికి ఎదురుగా పలకను పట్టి ఉంచే సర్వో అయితే ఆ పట్టుకున్నంతసేపూ బ్యాటరీని తింటూనే ఉంటుంది.

ఎక్స్ కిరణాలకు ముందు

దీని మూలం 1880లో ఉంది. ఎక్స్ కిరణాలను కనుగొనడానికి 15 ఏళ్ల ముందు విల్హెల్మ్ రాంట్‌గెన్ ఒక రబ్బరు పట్టీని పైనుంచి వేలాడదీసి, కింద బరువు కట్టి, దాని మీదికి విద్యుదావేశం చల్లాడు. పట్టీ సాగింది. ఆ తర్వాత ఒక శతాబ్దానికి పైగా దాన్ని పనికొచ్చే యంత్రంగా మలిచే ప్రయత్నం పెద్దగా జరగలేదు.

1990లలో అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్‌లో రాన్ పెల్రీన్, రాయ్ కార్న్‌బ్లూ బృందం దీన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. వాళ్లు 2000లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ఫలితాలతో ఈ రంగం ఊపందుకుంది. సిలికోన్ 117 శాతం, యాక్రిలిక్ 215 శాతం సాగాయి. ఆ యాక్రిలిక్ కోసం ప్రయోగశాలలు ఎక్కువగా వాడింది 3ఎం కంపెనీ అమ్మే వీహెచ్‌బీ టేపు. అద్దాలు, రేకులు, కారు బాడీ పట్టీలు అతికించే అదే రకం అంటుపట్టీ. ముందుగా బాగా సాగదీసి చట్రానికి బిగిస్తే అద్భుతంగా పనిచేసేది. కానీ జిగురు స్వభావం వల్ల దాని స్పందన మందం, చలిలో బిగుసుకుపోతుంది. విమానం ఎగిరే ఎత్తుల్లో మైనస్ 50 డిగ్రీల చలి మామూలు. అందుకే ఎగిరే యంత్రాల మీద దృష్టి పెట్టినవాళ్లు ఎక్కువగా సిలికోన్‌కు మళ్లారు.

2005 మార్చిలో శాన్‌డియాగోలో జరిగిన ఒక సదస్సులో సరదా పరీక్ష పెట్టారు. కృత్రిమ కండరాలతో చేసిన మూడు యాంత్రిక చేతులు 17 ఏళ్ల హైస్కూల్ విద్యార్థినితో చేతి కుస్తీ పట్టాయి. మూడూ ఓడాయి. వాటిలో డీఈఏలతో నడిచింది స్విట్జర్లాండ్‌కు చెందిన ఎంపా సంస్థ చెయ్యి. చుట్టలుగా చుట్టిన 250కి పైగా యాక్చుయేటర్లు పెట్టినా అది నిలిచింది నాలుగు సెకన్లే. కాగితం మీద రాసే ‘చదరపు సెంటీమీటరుకు ఇంత పీడనం’ అన్న అంకెకూ, చెయ్యి మడిచి పట్టే పట్టుకూ మధ్య దూరం ఎంతో ఆ రోజు అందరికీ కనిపించింది.

సర్వో పక్కన పెట్టి తూస్తే

పేటెంట్లలో, పత్రికా ప్రకటనల్లో ‘తేలిక’ అన్న మాట రబ్బరు పొర ఒక్కదాని గురించే ఉంటుంది. విమానం మోసేది పొరను ఒక్కదాన్నే కాదు.

బొమ్మ విమానాలు చేసే పిల్లలకు కూడా తెలిసిన ‘9 గ్రాముల సర్వో’ను తీసుకుందాం. ఒక సెంటీమీటరు పొడవున్న మీట మీద అది సుమారు 1.8 కిలోల బలం చూపిస్తుంది. దాని స్థానంలో డీఈఏ పెట్టాలి. పైన చెప్పిన 0.27 మెగాపాస్కల్ లెక్కన ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోత ఉన్న దొంతర, అస్సలు కదలకుండా పట్టి ఉంచితే, 2.7 కిలోల దాకా బలం ఇస్తుంది. కదలనిస్తే ఆ బలం తగ్గుతుంది. బరువు మోస్తూ 10 శాతం కదిలిందనుకుంటే, 3 మిల్లీమీటర్ల కదలిక కోసం దొంతర ఎత్తు 3 సెంటీమీటర్లుండాలి. సిలికోన్ సాంద్రత నీటి కన్నా కొంచెమే ఎక్కువ కాబట్టి ఆ దిమ్మె బరువు మూడున్నర గ్రాములు దాటదు. 9 గ్రాముల చోట మూడున్నర! ఇక్కడితో ఆగితే ప్రకటనలో రాసింది నిజమే అనిపిస్తుంది.

కానీ 3 సెంటీమీటర్ల ఎత్తులో 10 మైక్రాన్ల పొరలు ఎన్ని పడతాయి? మూడు వేలు. ప్రతి రెండు పొరల మధ్యా పూత ఉండాలి. అవన్నీ ఒకదాని విడిచి ఒకటి రెండు వేర్వేరు తీగలకు కలవాలి. మూడు వేలలో ఏ ఒక్క పొరలో దుమ్ము రేణువో, గాలి బుడగో ఉన్నా విద్యుత్తు అక్కడి నుంచి దూకి రంధ్రం చేస్తుంది. అది రెండు తీగలనూ కలిపేస్తే మొత్తం దొంతర మూగబోతుంది. పొర మందం పెంచి పొరల సంఖ్య తగ్గించవచ్చు. అప్పుడు వోల్టేజ్ పెరుగుతుంది. 50 మైక్రాన్ల పొరకు అదే పీడనం కావాలంటే 5,000 వోల్టులివ్వాలి.

ఇక పెట్టె సంగతి. డ్రోన్‌లోని ఒక లిథియం సెల్ ఇచ్చేది 3.7 వోల్టులు. దాన్ని వెయ్యి వోల్టులకు లేపే కన్వర్టర్ కావాలి. ఎంత చిన్నదైనా అది కొన్ని గ్రాములుంటుంది. ఒక్క కన్వర్టర్ నాలుగు యాక్చుయేటర్లకు సరిపోవచ్చు గానీ, ప్రతిదానికీ విడిగా అధిక వోల్టేజ్ స్విచ్ కావాలి, ఇన్సులేషన్ ఉన్న వైరు కావాలి. మూడున్నర గ్రాముల కండరం వల్ల మిగిలిన అయిదారు గ్రాములు ఇక్కడ ఖర్చయిపోతాయి.

ఈ పద్దు నిజ జీవితంలో ఎలా తేలుతుందో చెప్పే చక్కని ఉదాహరణ 2019లో వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ బృందం డీఈఏలతో నడిచే ఒక పురుగు రోబో చేసింది. వోల్టేజ్‌ను 450 దాకా తగ్గించడం వాళ్లు సాధించిన పెద్ద విజయం. ఆ పురుగు శరీరం బరువు 190 మిల్లీగ్రాములు. తీగ లేకుండా దానంతటది నడవడానికి వీపు మీద పెట్టిన బ్యాటరీ, కన్వర్టర్, సెన్సర్ల బరువు 780 మిల్లీగ్రాములు. అంటే శరీరానికి నాలుగింతల మూట. అది అంత మోయగలగడం గొప్పే. బరువు ఎక్కడుందన్నది మాత్రం దాచలేని విషయం.

చిన్న యంత్రంలో ఎలక్ట్రానిక్స్ బరువు మింగేస్తుంది. పెద్ద యంత్రంలో కన్వర్టర్ వాటా తగ్గుతుంది గానీ, బలం కోసం వేల పొరలు లోపం లేకుండా పేర్చాల్సి వస్తుంది. రెండు వైపులా ఇలా పిండేస్తుంటే మధ్యలో మిగిలే చోటు ఇరుకు.

తర్లగూడ లాంటి చోటికి వెళ్లగల సరకు డ్రోన్‌ను ఈ కొలతలో పెట్టి చూడాలి. నాలుగైదు రోటార్లతో నిటారుగా లేచే రకానికి కదిలే పలకలే ఉండవు. రోటార్ వేగం మార్చి దిశ మారుస్తుంది. రోటార్‌ను తిప్పే మోటారు స్థానంలో డీఈఏ పనికిరాదు. రెక్కలున్న రకంలో సర్వోలుంటాయి. అయితే పది కిలోల యంత్రంలో వాటి మొత్తం బరువు కొన్ని పదుల గ్రాముల నుంచి వంద, రెండొందల గ్రాముల లోపే. అందులో సగం తగ్గించినా రక్తం సంచుల సంఖ్య మారదు. ఆ పని బ్యాటరీలో జరగాలి.

మరి రెక్కలకు దీనితో లాభమే లేదా అంటే ఉంది, అది బరువులో కాదు. సర్వోతో తిరిగే పలకకూ రెక్కకూ మధ్య సందు ఉంటుంది, కీలు ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన కడ్డీ ఉంటుంది. గాలి అక్కడ చెదురుతుంది. రెక్క చర్మమే కండరమై, పక్షి రెక్కలా మొత్తంగా వంగితే ఆ సందులు పోతాయి, చప్పుడూ తగ్గుతుంది. మెత్తగా ఉండి, పల్చగా పరిచి, విశాలంగా సాగే గుణం డీఈఏకు పుట్టుకతో వచ్చింది. ఇంజినీర్లు వెతకాల్సింది ఆ దారిలోనే అనిపిస్తుంది.

ఎగిరినవి

ఈ కండరానికి బాగా నప్పిన మొదటి ఎగిరే వాహనం రెక్కలది కాదు, బెలూన్‌ది. చేతి కుస్తీలో ఓడిన ఎంపా సంస్థే హీలియం నింపిన 8 మీటర్ల చేప ఆకారపు గాలి ఓడను తయారు చేసింది. ఒడలికీ తోకకూ రెండు పక్కలా పరిచిన డీఈఏ పొరలు వంతులవారీగా సాగుతుంటే అది చేపలా వొళ్లు ఊపుతూ గాలిలో ఈదింది. ప్రొపెల్లర్ లేదు, చప్పుడు లేదు. 2010లో దాని వివరాలు ప్రచురించారు. విశాలమైన చర్మం, నెమ్మది కదలిక, తక్కువ బలం. ఈ పదార్థం కోరుకునే మూడూ అక్కడ దొరికాయి. వేగం, మోసే బరువు మాత్రం దొరకలేదు. గాలి వీస్తే అలాంటి ఓడకు బయట పని ఉండదు.

2015లో ఈపీఎఫ్‌ఎల్ పరిశోధకులు మడతపడే డీఈఏలతో ఒక చిన్న విమానం రెక్కల వెనక పలకలను తిప్పి చూపించారు. సర్వోకు నేరుగా ప్రత్యామ్నాయం చూపిన ప్రయత్నాల్లో ఇదొకటి.

అసలు మలుపు పురుగంత రోబోల దగ్గర వచ్చింది. 2019లో హార్వర్డ్‌లో కెవిన్ చెన్ బృందం ఒక్కొక్కటి 100 మిల్లీగ్రాములున్న డీఈఏలతో రెక్కలల్లార్చే రోబోను అదుపులో ఎగరేసింది. మెత్తని కండరాలతో అలా ఎగిరిన మొదటి సూక్ష్మ రోబో అదే. కండరం కిలో బరువుకు 600 వాట్ల శక్తి చూపింది. ముందు తరం రోబోలు వాడిన పింగాణీ లాంటి పీజో యాక్చుయేటర్లు గోడకు తగిలితే విరిగేవి. ఇవి గోడకు కొట్టుకుని, కిందపడి, మళ్లీ లేచాయి. ఆ మొండితనం తేలికతనం కన్నా విలువైనది. చెన్ తర్వాత ఎంఐటీకి వెళ్లి 2021లో 10 మైక్రాన్ల పొరలు 20 పేర్చి వోల్టేజ్‌ను 500కు దించారు. కండరం 20 లక్షల సార్లకు పైగా కదిలినా నిలిచింది. 2025 జనవరిలో వెలువడిన ఫలితాల్లో గ్రాము కన్నా తక్కువున్న రోబో సుమారు 1,000 సెకన్లు గాలిలో నిలబడింది. ఈ ఎగరడాలన్నిటిలో కరెంటు మాత్రం రోబో మీద లేదు. సన్నని తీగల ద్వారా కింది నుంచి అందింది.

నీటిలో ఆ తీగ తెగింది. చైనాలో జెజియాంగ్ విశ్వవిద్యాలయం తదితర సంస్థల బృందం బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్ లోపలే పెట్టుకున్న డీఈఏ చేపను మరియానా అగాధంలో 10,900 మీటర్ల లోతున రెక్కలాడించి, 2021లో ఆ సంగతి ‘నేచర్’లో ప్రకటించింది. దక్షిణ చైనా సముద్రంలో 3,224 మీటర్ల లోతున అది స్వేచ్ఛగా ఈదింది. నీటిలో బరువును నీరే మోస్తుంది కాబట్టి విమానానికి అడ్డొచ్చే లెక్క అక్కడ అడ్డు రాదు.

ఆయుష్షు, తేమ

20 లక్షల సార్లు అంటే ఎంత? సెకనుకు 400 సార్లు రెక్కలాడించే రోబోకైతే 83 నిమిషాలు. సెకనుకు ఒకసారి కదిలే విమానం పలకకైతే 555 గంటలు. అదే అంకె ఒకచోట ప్రయోగశాల విన్యాసం, ఇంకోచోట మర్యాదైన మన్నిక. డీఈఏ వార్త చదివేటప్పుడు ఎన్నిసార్లు కదిలిందన్నదే కాదు, ఎంత వోల్టేజ్ దగ్గర, ఎంత తేమలో అన్నదీ చూడాలి.

తేమ పెరిగితే సిలికోన్ డీఈఏల ఆయుష్షు బాగా పడిపోతుంది. పొడి గదిలో వారాల తరబడి పనిచేసింది ముసురు గాలిలో త్వరగా కాలిపోవచ్చు. రోడ్డు మునిగి డ్రోన్ అవసరమయ్యే జులై, ఆగస్టు నెలల్లోనే గోదావరి గట్టున గాలి తడిసి ఉంటుంది. పొరను మూసి ఉంచే కవచం పెట్టవచ్చు. అది కూడా బరువే, పైగా కదలికను కొంత అడ్డుకుంటుంది.

చితికిన చోటును విడదీసే పద్ధతులు కొన్ని వచ్చాయి. పూతగా కార్బన్ నానోట్యూబులు వాడితే రంధ్రం పడినచోట అవి కాలిపోయి, ఆ చుక్కను మిగతా పొర నుంచి వేరు చేస్తాయి. పెద్ద గాయమైతే లేజర్‌తో చుట్టూ గీత గీసి విడదీయవచ్చని ఎంఐటీ బృందం 2023లో చూపింది. రబ్బరు బదులు నూనె సంచులు వాడే హేజల్ అనే దగ్గరి చుట్టాన్ని 2018లో కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు తెచ్చారు. స్పార్కు వచ్చినా నూనె మళ్లీ కలుసుకుంటుంది కాబట్టి రంధ్రం మిగలదు. సన్నగా ఉన్నప్పుడు రబ్బరు ఒక్కసారిగా నలిగి చితికిపోయే అస్థిరత మీద మన దేశంలో ఐఐటీ రూర్కీ పరిశోధకులు గణిత నమూనాలు రూపొందించారు.

వెయ్యి వోల్టులంటే మనిషికి ప్రమాదం కాదా అన్న సందేహం సహజం. పది సెంటీమీటర్ల చదరపు పొర ఒక్కటైతే, పైన చెప్పిన మందం, వోల్టేజ్‌ల దగ్గర అందులో నిల్వ ఉండేది 13 మిల్లీజౌళ్లే. చురుక్కుమని వదిలేస్తుంది. అలాంటివి వంద పేర్చితే అది ఒక జౌల్ దాటుతుంది. దాన్ని ముట్టుకోనివ్వని డిజైన్ తప్పనిసరి.

కార్లలో ముందుగా చేరే చోటు

కారుకు గ్రాములతో పని లేదు. అందుకే అక్కడ డీఈఏ వాదన తేలికతనం మీద నిలబడదు. చప్పుడు లేకపోవడం, అయస్కాంతానికి వాడే అరుదైన లోహాలు అక్కర్లేకపోవడం, పల్చగా ఎక్కడైనా ఇమడడం దాని బలాలు. టచ్ తెర మీద వేలు పెట్టగానే బటన్ నొక్కినట్టు తోచే ప్రకంపన, సీటులో గాలి సంచులను నింపే చిన్న వాల్వులు, ఇంజిన్ వణుకు బాడీకి చేరకుండా ఎదురు వణుకు పుట్టించే దిమ్మెలు దీనికి సరిపోయే పనులు. వణుకు తగ్గించే దొంతరలను జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ ఎల్‌బీఎఫ్ చేసి చూపింది.

వ్యాపారంగా నిలబెట్టాలన్న ప్రయత్నాలూ జరిగాయి. ఎస్‌ఆర్‌ఐ నుంచి 2004లో విడివడిన ఆర్టిఫిషియల్ మజిల్ అనే కంపెనీని 2010లో బేయర్ సంస్థ కొన్నది. డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ ముడతల సిలికోన్ మీద వెండి పూతతో పాలీపవర్ పొరలను తయారు చేసింది. పెద్ద కంపెనీలు డబ్బు పెట్టినా ఈ పొర సర్వో, సోలినాయిడ్‌ల మార్కెట్‌ను కదిలించలేకపోయింది. పది రూపాయల తీగచుట్ట చేసే పనికి వెయ్యి వోల్టుల సర్క్యూట్ కొనమని కారు కంపెనీని ఒప్పించడం కష్టం. విజయవంతంగా అమ్ముడైన వాటిలో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆప్టోట్యూన్ పరికరం ఒకటి. లేజర్ వెలుగులో కనిపించే చుక్కల మచ్చను పోగొట్టడానికి వెలుగును చెదరగొట్టే ఒక చిన్న పలకను అది డీఈఏతో వేగంగా ఊపుతుంది. ఆ పలక బరువు చాలా తక్కువ, కదలాల్సిన దూరం మిల్లీమీటరు కూడా ఉండదు.

కారులో చేరాలంటే ఇంకో గడప దాటాలి. వాహన ఎలక్ట్రానిక్స్‌ను 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న పెట్టెలో సాధారణంగా వెయ్యి గంటలు ఉంచి పరీక్షిస్తారు. మెత్తని రబ్బరు పొరలకు అన్నిటికన్నా గిట్టని వాతావరణం సరిగ్గా అదే.